లండన్ కాగితాలు – గరాచర్మ ప్రశ్న

అండమాన్ వెళ్ళివచ్చిన మన ఉద్యోగ మిత్రులు సాధారణంగా సెల్యులార్ జైలు గోడలను గురించీ, సముద్రం అడుగున కనిపించే పగడపు దిబ్బలను గురించీ వ్రాస్తారు. అవి చూడదగినవే, మేమూ చూశాము. కాని నేనిప్పుడు వ్రాయబోయేది గరాచర్మ అనే ఊరిని గురించి. వాండూరు తీరానికి పోయే యాత్రికులు కారు అద్దంలోంచి ఒకసారి చూసి దాటిపోయే ఊరది. అక్కడ దిగి ఆరు రోజులు ఉండే అవకాశం మాకు మా బావగారి మూలంగా కలిగింది.

బావగారు ప్రభుత్వ కళాశాలలో చరిత్రోపన్యాసకులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పంతొమ్మిదవ శతాబ్దంలో రష్యా, బ్రిటన్‌ల మధ్య ఆఫ్ఘనిస్తాన్ విషయంలో సాగిన పోటీ ఆయన జీవితకాలపు వ్యాసంగం. ఆ దస్త్రాలు స్వయంగా చూడాలని 2019 వేసవిలో సొంత ఖర్చుతో లండన్ వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చారు. పింఛను సొమ్ము సగం అక్కడే హారతి కర్పూరమైందని అక్కయ్య ఇప్పటికీ అంటూ ఉంటుంది. ఆయన అక్కడినుంచి తెచ్చుకొన్న ఆస్తి పదకొండు నోటు పుస్తకాలు. వాటిలో ఒక పుస్తకం నిండా పోర్ట్ బ్లెయిర్ పేరే కనిపించడం చూసి నేను ఆశ్చర్యపడ్డాను. "రష్యా సంగతులు వెదకబోతే అండమాన్ తగిలిందయ్యా. ఆ రేవును ఒకసారి కళ్ళారా చూడాలి" అన్నారాయన.

నాకు ఎల్.టి.సి. మంజూరైన వెంటనే ఆ మాట గుర్తుకు వచ్చింది. బావగారి పినతండ్రి కుమారుడు గరాచర్మలో స్థిరపడి ముప్పై ఏళ్ళు దాటింది. "హోటలు మాట ఎత్తితే ఊరుకోను అన్నయ్యా" అని అతడు ఫోనులో కేక వేయడంతో మా బస అక్కడే ఖాయమైంది. గత ఫిబ్రవరిలో మేము నలుగురము, అంటే బావగారు, అక్కయ్య, మా శ్రీమతి, నేను, చెన్నై నుంచి విమానంలో బయలుదేరాము. రెండు గంటల పైచిలుకు నీలిరంగు తప్ప మరేమీ కనపడలేదు. ఆ తరువాత ఒక్కసారిగా కిటికీ నిండా అడవి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చినా, ఊళ్ళో నోళ్ళన్నీ ఇంకా పాత పేరునే పలుకుతున్నాయి. బావగారి కాగితాలలోనూ ఆ పేరే ఉన్నది కనుక నేనూ అదే వాడుతాను.

గరాచర్మ పట్టణానికి నైరుతి దిశలో, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మిట్టపల్లాల దారి, రెండు వైపులా కొబ్బరి, పోక చెట్లు, రేకుల కప్పుల ఇళ్ళు, మధ్య మధ్య కొత్త కాంక్రీటు మేడలు. అక్కడి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ 1978 నుంచి పనిచేస్తున్నది. ఉప్పునేలకు తట్టుకొనే వరి ఆ సంస్థ వారి పరిశోధనాంశాలలో ఒకటి. దాని అవసరం ఎంతటిదో పొరుగునే ఉన్న సిప్పీఘాట్ చూస్తే బోధపడుతుంది. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు క్రుంగింది. అంతకు ముందు వరి పండిన పొలాల్లోకి సముద్రం వచ్చి అక్కడే నిలిచిపోయింది. ఎండి మోడైన చెట్ల మధ్య కొంగలు నిలబడి ఉన్న ఆ నీటిని చూస్తూ తమ్ముడు "ఇది చెరువు కాదన్నయ్యా, పొలం" అన్నాడు. ఆ మాటకు మేమెవ్వరమూ బదులు చెప్పలేకపోయాము.

గరాచర్మ వీధిలో తెలుగు వినపడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలిపనులకు, ఉద్యోగాలకు వచ్చినవారే ఎక్కువ. మా వాళ్ళది సోంపేట ప్రాంతం. కాని గరాచర్మ వీరి రాకతో పుట్టిన ఊరు కాదు. నిర్వాసిత ఖైదీల కాలం నాటి పాత ఊళ్ళలో ఇదొకటి.

1857 తిరుగుబాటు అణచివేత అనంతరం, 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆ తరువాత దేశం నలుమూలల నుంచీ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడినవారిని ఓడలలో తెచ్చారు. మనం కథలలో చదువుకొన్న సెల్యులార్ జైలు 1906లో గాని పూర్తికాలేదు. అంతకు ముందటి అర్ధ శతాబ్దంలో ఖైదీ అంటే కొట్లో ఉండేవాడు కాదు. మెడలో అంకె చెక్కిన కొయ్యబిళ్ళతో అడవి నరికేవాడు, రోడ్లు వేసేవాడు. కొన్నేళ్ళు సత్ప్రవర్తనతో గడిపినవారికి భూమి ఇచ్చి, స్త్రీ ఖైదీలలో ఒకరిని వివాహమాడనిచ్చి, సేద్యం చేసుకొమ్మనేవారు. వారి సంతతినే ఇక్కడ 'లోకల్ బార్న్' అంటారు. కులం, భాష, ప్రాంతం మూడూ కలగలిసి వారి ఇంటి భాష హిందుస్తానీ అయింది.

ఇక బావగారి లండన్ ముచ్చట. ఆయన ప్రతిరోజూ ఉదయం నగర శివారులోని కుమారుని ఇంటినుంచి రైలెక్కి సెయింట్ పాంక్రస్ స్టేషను దగ్గర దిగేవారట. పక్కనే ఎర్ర ఇటుకల బ్రిటిష్ లైబ్రరీ. మూడవ అంతస్తులో ఆసియా, ఆఫ్రికా విభాగపు పఠన మందిరం. ఈస్టిండియా కంపెనీ వారి కాలం నుంచి 1947 వరకు పేరుకొన్న ఇండియా ఆఫీసు దస్త్రాలన్నీ అక్కడే ఉన్నాయి. అరలన్నీ వరుసగా పేరిస్తే పధ్నాలుగు కిలోమీటర్లు! కోటు, సంచి, కలము క్రింది పెట్టెలలో పెట్టి తాళం వేసుకోవాలి. లోపలికి పెన్సిలు, కాగితాలు మాత్రమే, అవీ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో. కావలసిన దస్త్రం సంఖ్య ఇస్తే కొంతసేపటికి వస్తుంది. పాత సంపుటం వీపు విరగకుండా మెత్తని దిండ్ల మీద ఆనించి చదవాలి. "మన ఆఫీసులో ఫైలును గుడ్డలో మూటకట్టి అటక మీదికి విసిరే దృశ్యం గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది" అన్నారు బావగారు. రికార్డు విభాగం మిత్రులు మన్నించాలి. ఆ మాట నాది కాదు.

ఆయన ముఖ్యంగా చూసినవి పొలిటికల్ అండ్ సీక్రెట్ శాఖ కాగితాలు. క్యూ అనే చోట ఉన్న జాతీయ దస్త్రాగారంలో విదేశాంగ శాఖ వారి 65వ వరుస ఉన్నది. అదంతా రష్యాతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరమే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వైస్రాయ్ మేయో ప్రభువు సొంత కాగితాలున్నాయి. రష్యా వారి దస్త్రాలు మాస్కోలో ఉన్నాయి. బావగారికి రష్యన్ భాష రాదు. "నేను చదివింది వివాదంలో ఒక పక్షపు వకీలు కాగితాలే. రెండవ పక్షం మాట కూడా మొదటి పక్షం చేయించుకొన్న అనువాదాలలోనే చదివాను. ఆ లోపం నాకు తెలుసు" అని ఆయన ఏ సభలోనైనా ముందే చెప్పుకొంటారు. పండితులందరూ ఇలా చెప్పుకొంటే ఎంత బాగుండును!

ఆ కాగితాలలోని కథను, గరాచర్మ ఇంటి వసారాలో కొబ్బరినీళ్ళు తాగుతూ ఆయన మాకు చెప్పిన క్రమంలోనే క్లుప్తంగా వ్రాస్తాను.

రష్యా సేనలు 1865లో తాష్కెంటును, 1868లో సమర్‌ఖండ్‌ను పట్టుకొన్నాయి. జారు చక్రవర్తి సైన్యం ఇంకెన్నాళ్ళకు ఆఫ్ఘనిస్తాన్ పొలిమేరకు వస్తుందో, అక్కడినుంచి సింధునది ఎంత దూరమో అని కలకత్తాలో లెక్కలు మొదలైనాయి. ఆ స్థితిలో 1869 జనవరిలో మేయో ప్రభువు వైస్రాయ్‌గా వచ్చాడు. ఐర్లండు దేశస్థుడు, స్వయంగా తిరిగి చూస్తేగాని దేనినీ నమ్మని స్వభావం. వచ్చిన మూడవ నెలలోనే అంబాలాలో గొప్ప దర్బారు జరిపి ఆఫ్ఘన్ అమీరు షేర్ అలీ ఖానును ఆహ్వానించాడు. ధనమూ ఆయుధాలూ ఇచ్చాడు గాని, కట్టుబడే ఒడంబడిక మాత్రం ఇవ్వలేదు. అదే సంవత్సరం డగ్లస్ ఫోర్సిత్ అనే అధికారిని రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పంపి, ఆఫ్ఘన్ సరిహద్దు ఎక్కడ గీయాలన్న చర్చను ముందుకు నడిపించాడు. ఆ చర్చ 1873 జనవరిలో ఉభయ దేశాల విదేశాంగ మంత్రులు గ్రాన్‌విల్, గోర్చకోవ్‌ల ఉత్తరాలతో ఒక కొలిక్కి వచ్చి, అమూ దర్యా నది ఆఫ్ఘనిస్తాన్‌కు ఉత్తరపు హద్దుగా రష్యా అంగీకరించింది. అయితే ఆ అంగీకారం చూడటానికి మేయో బ్రతికి లేడు.

ఎందుకు లేడన్న ప్రశ్నే మమ్మల్ని మరునాడు హోప్‌టౌన్‌కు నడిపించింది.

గరాచర్మ నుంచి పట్టణం మీదుగా చాతం రేవు చేరుకొని, వాహనాలను కూడా దాటించే ఫెర్రీలో బాంబూ ఫ్లాట్‌కు దాటాము. అక్కడినుంచి జీపులో మౌంట్ హారియట్. 2021 అక్టోబరులో దీనికి మౌంట్ మణిపుర్ అని పేరు పెట్టారు. 1891 యుద్ధానంతరం మణిపురి వీరులను ఇక్కడ నిర్బంధించిన జ్ఞాపకార్థం ఈ మార్పు. కొండ పైనుంచి చూస్తే కొబ్బరి తోపులు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొన, దాని మీది దీపస్తంభం కనిపిస్తాయి. పాత ఇరవై రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ ఇదేనని మా శ్రీమతి తన సంచిలోంచి నోటు తీసి పోల్చి చూపింది. అక్కయ్యకు ఆ రోజంతటిలో నచ్చిన విషయం అదే.

1872 ఫిబ్రవరి 8న మేయో ప్రభువు బర్మా నుంచి తిరిగివస్తూ 'గ్లాస్గో' అనే యుద్ధనౌకలో ఇక్కడికి వచ్చాడు. రాస్ దీవిలో దిగాడు. వైపర్, చాతం దీవులు చూశాడు. ఎక్కడికక్కడ కట్టుదిట్టమైన కాపలా. పొద్దు మిగిలి ఉన్నదని సాయంకాలం ఈ కొండ ఎక్కాడు. జబ్బుపడినవారికి ఇక్కడ ఆరోగ్యకేంద్రం కట్టవచ్చునేమో చూడాలని ఆయన ఆలోచన. సూర్యాస్తమయం చూసి దిగేసరికి చీకటి పడింది. క్రింద హోప్‌టౌన్ రేవులో దివిటీల వెలుగులో పడవ వైపు నడుస్తుండగా, చీకటిలోంచి ఒక మనిషి దూకి వీపున రెండు పోట్లు పొడిచాడు. వైస్రాయ్ నీటిలో పడ్డాడు. తానే లేచాడు. పడవలోకి చేర్చారు గాని ఓడకు చేరేలోపలే ప్రాణం పోయింది. ఓడలో ఆయన భార్య రాత్రి విందుకు ఎదురుచూస్తూ ఉన్నది.

పొడిచిన మనిషి పేరు కూడా షేర్ అలీయే! మేము కొండ దిగుతూ ఉండగా బావగారు ఈ సంగతి చెప్పి కొంతసేపు ఆగారు. అంబాలా దర్బారులో మేయో చేయి పట్టుకొన్న షేర్ అలీ ఆఫ్ఘనిస్తాన్ అమీరు. హోప్‌టౌన్‌లో కత్తి పట్టుకొన్న షేర్ అలీ ఖైబర్ ప్రాంతపు అఫ్రీదీ తెగవాడు. ఒకప్పుడు పంజాబు ఆశ్విక పోలీసులో నౌకరీ చేసి, పెషావర్ కమీషనరు మెప్పు పొందినవాడు. వంశకలహంలో బంధువును పెషావరులో చంపినందుకు 1867లో ఉరిశిక్ష పడి, అప్పీలులో అది ద్వీపాంతర శిక్షగా మారింది. తన తెగ ధర్మం ప్రకారం పగ తీర్చుకోవడం నేరం కాదని అతని నమ్మకం. ఇక్కడ సత్ప్రవర్తన చూసి క్షురక వృత్తి చేసుకోనిచ్చారు. అందుకే చేతికి కత్తి దొరికింది.

ఆ రేవు నాటి రూపాన్ని ఇప్పుడు ఊహించుకోవలసిందే. మేము వెళ్ళేసరికి సాయంత్రం ఐదున్నర. ఈ దీవులు మనకంటే బాగా తూర్పున ఉన్నందున ఫిబ్రవరిలో మన గడియారానికి ఆ వేళకే పొద్దు క్రుంకుతుంది. ఇద్దరు కుర్రవాళ్ళు గాలాలు వేసుకొని కూర్చున్నారు. బావగారు నీటివైపు నడిచి, వెనుకకు తిరిగి కొండను చూసి, మళ్ళీ నీటిని చూశారు. లండన్‌లో పెన్సిలుతో వ్రాసుకొన్న దూరాన్ని అడుగులతో కొలుస్తున్నారని నాకు అర్థమైంది.

ఇది రష్యా వారు చేయించిన పని అని ఎవరైనా అనుమానించారా అని అడిగాను. నాబోటి వాడికి ముందుగా తోచే ప్రశ్న అదే గదా! ఆయన నవ్వారు. "మొదట నాకూ ఆ ఆశ కలిగింది. అలాంటి కాగితం ఒక్కటి దొరికితే చరిత్రకారుడి జన్మ తరించినట్లే. కాని లేదు. అంతకు అయిదు నెలల ముందే కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఉన్న నార్మన్‌ను పొడిచి చంపారు. అందువల్ల అధికారులు వహాబీల కుట్ర కోసం వెదికారు. అదీ దొరకలేదు. దేవుని ఆజ్ఞతో చేశానని తప్ప అతడు మరొక పేరు చెప్పలేదు. లేనిదాన్ని ఉన్నదనిపించడం నా పని కాదు." అదే సంవత్సరం మార్చి 11న షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. సంకెళ్ళతో ఉన్న అతని ఛాయాచిత్రం నేటికీ ఉన్నది.

కుట్ర లేకపోయినా, ఆ కత్తిపోటుతో ముడిపడిన మనుషులు రష్యా వ్యవహారంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. ఈ భాగం నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించింది.

మేయో మరణించిన వార్త తంతి లేని ఆ దీవి నుంచి ఓడ మీద పోయి కలకత్తా చేరవలసి వచ్చింది. కొత్త వైస్రాయ్ ఇంగ్లండు నుంచి వచ్చేదాకా ఆ స్థానంలో కూర్చోవడానికి మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువును పిలిపించారు. మద్రాసు మెరీనా దగ్గర నేపియర్ వంతెన దాటినవారు మనలో చాలామంది ఉంటారు. ఆయన పేరే అది. 1866లో ఆయన గవర్నరుగా దిగేనాటికి గంజాం జిల్లా క్షామంతో అలమటిస్తున్నది. నేటి సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. అంతకు ముందు, 1861 నుంచి 1864 వరకు, ఆయన ఎక్కడ ఉన్నాడనుకొన్నారు? సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, రష్యా చక్రవర్తి కొలువులో బ్రిటిష్ రాయబారిగా! ఆయన ఆనాడు పంపిన లేఖలనే బావగారు క్యూలో చదివారు. మేయో హంతకుణ్ణి ఉరితీసిన రోజున ఈ దేశపు తాత్కాలిక వైస్రాయ్ ఆయనే. మా తమ్ముడు ఇది విని "అయితే మా ముత్తాతల గవర్నరన్నమాట" అని చాలా సంతోషించాడు.

మేయో వెంట ఆ సాయంకాలం కొండ మీద ఉన్న పోర్ట్ బ్లెయిర్ సూపరింటెండెంటు పేరు డోనాల్డ్ స్టూవర్టు. తన కళ్ళ ముందే తన అతిథి హతుడైన ఆ సేనాని కథ అంతటితో ముగియలేదు. 1878లో రష్యా రాయబార బృందం కాబూలు చేరింది. అమీరు షేర్ అలీ వారిని చేర్చుకొని బ్రిటిష్ బృందాన్ని మాత్రం ఖైబరు కనుమ మొగదలలోనే ఆపి వెనక్కి పంపాడు. యుద్ధం వచ్చింది. రష్యా సహాయం కోసం ఉత్తరాదికి పోయిన అమీరు, అది దొరకక, 1879 ఫిబ్రవరిలో మజారె షరీఫ్‌లో మరణించాడు. అంబాలాలో ఇవ్వని ఒడంబడిక ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదా అన్నదానిపై బావగారు ఎంతసేపైనా మాట్లాడగలరు; నేను ఆ జోలికి పోను. ఆ యుద్ధంలో కాందహారును పట్టుకొని, 1880 ఏప్రిల్‌లో అహ్మద్ ఖేల్ దగ్గర గెలిచి, కాబూలు చేరినవాడు ఈ స్టూవర్టే. అప్పుడు గద్దెనెక్కిన కొత్త అమీరు అబ్దుర్ రహమాన్ అంతవరకు పదేళ్ళకు పైగా రష్యావారి నీడలో సమర్‌ఖండ్‌లో ఉండి వచ్చినవాడు. ఉభయ సామ్రాజ్యాల మధ్య రాజీ చివరకు 1907 ఆగస్టు 31న కుదిరింది.

ఈ వృత్తాంతమంతా నాలుగవ రోజు రాత్రి వసారాలో మరొకసారి సాగింది. పొరుగింటి నుంచి ఒక వృద్ధురాలు వచ్చి మెట్టు మీద కూర్చున్నది. ఎనభై అయిదేళ్ళ పైమాటే. వీధిలో పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను దాదీ అనే పిలుస్తారు. పాత ఖైదీల సంతతి. ఆమె తండ్రిగారి తాత మద్రాసు రాజధాని నుంచి వచ్చిన ఖైదీ అట. ఆయన ఇక్కడ పెండ్లాడినది ఉత్తరాది నుంచి వచ్చిన స్త్రీ ఖైదీని. దాదీకి తెలుగు రాదు. కాని ఒక్క మాట వచ్చు, "గోదారి". అది నది పేరని ఆమెకు తెలియదు. తమ పెద్దాయన పుట్టిన పల్లె పేరనుకొంటూ వచ్చింది. తమ్ముడి కోడలు అది ఎంత పెద్ద నదో చేతులు చాచి చూపిస్తే, ఆమె చాలాసేపు ఆ చేతులనే చూసింది.

తమ్ముడు హిందీలో మా బావగారిని పరిచయం చేస్తూ, ఈయన లండన్ వెళ్ళి అండమాన్ కాగితాలన్నీ చదివి వచ్చారని గొప్పగా చెప్పాడు. దాదీ కొంచెం ముందుకు జరిగి అడిగింది: "మాస్టర్‌జీ, ఆ కాగితాలలో మా పెద్దాయన పేరు ఉన్నదా?"

విశ్వవిద్యాలయ సదస్సులలో ఆచార్యులు అడిగిన ప్రశ్నలకు బావగారు తడబడటం నేను చూడలేదు. ఆనాడు ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. పేరు ఏమిటని అడిగారు. పేరు ఆమెకూ సరిగా తెలియదు. ఇంట్లో అందరూ 'బడే అబ్బా' అనేవారు. కాని ఆయన మెడలోని బిళ్ళ మీది అంకె ఆమెకు నోటికి వచ్చు. బిళ్ళ ఎప్పుడో పోయింది. ఆమె తండ్రి చిన్నప్పుడు ఆ అంకెను ఎక్కంలాగా వల్లె వేయించాడట. ఎందుకు అని అడిగితే, ఎవరైనా అడగవచ్చు గదా అన్నాడట. ఇన్నేళ్ళలో అడిగినవారు లేరు. బావగారు ఆ అంకెను తన నోటు పుస్తకంలో వ్రాసుకొని, మళ్ళీ చదివి వినిపించి సరిచూసుకొన్నారు.

ఆ తరువాత ఆమెకు నిజమే చెప్పారు. తాను చదివినవి దొరలు దొరలకు వ్రాసుకొన్న రహస్య లేఖలని, వాటిలో ఖైదీల పేర్లు ఉండవని. ఇక్కడి చిట్టాలు 1942 మార్చి నుంచి 1945 వరకు జపానువారి ఆక్రమణలో చాలా మట్టుకు నశించాయి. దాదీకి ఆ రోజులు గుర్తున్నాయి. కాగితాల సంగతి ఆమెకు తెలియదు గాని ఆకలి సంగతి తెలుసు. మద్రాసు నుంచి ఓడ ఎక్కించిన ఖైదీల వివరాలు దొరికితే మద్రాసు ప్రభుత్వపు న్యాయశాఖ దస్త్రాలలో, ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో దొరకాలి.

ఆమె వెళ్ళిపోయిన తరువాత ఆయన నాతో చెప్పిన మాట వేరు. మద్రాసు న్యాయశాఖ ప్రొసీడింగ్స్ ప్రతులు లండన్‌కూ పంపేవారు. అవి కూడా అదే భవనంలో, ఆయన మూడు నెలలు కూర్చొన్న ఆ బల్ల దగ్గరికే తెప్పించుకోగల అరలలో ఉన్నాయి. "ఒక చీటీ వ్రాసి ఇస్తే వచ్చేవి. నాకు అవి కావాలని తోచలేదు. గోర్చకోవ్ వ్రాసిన ప్రతి ఉత్తరం అడిగాను. ఇవి అడగలేదు" అన్నారు. అక్కయ్య ఏదో అనబోయి ఊరుకొన్నది. ఖర్చుల ప్రస్తావన రాకుండా ముగిసిన లండన్ ముచ్చట నాకు తెలిసి అదొక్కటే.

మిగిలిన రెండు రోజులూ అందరు యాత్రికుల లాగే గడిపాము. సెల్యులార్ జైలు, ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపంగా పేరు మారిన రాస్ దీవి, వైపర్ దీవిలోని ఉరికంబం, అన్నీ చూశాము. వెళ్ళదలచుకొన్న మిత్రులకు ఒక మాట: ఫిబ్రవరి మంచి కాలం, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. హోప్‌టౌన్ చూడాలంటే చీకటి త్వరగా పడుతుందని గుర్తుంచుకొని మధ్యాహ్నమే ఫెర్రీ ఎక్కాలి.

బయలుదేరే రోజున దాదీ ఒక కొబ్బరికాయ తెచ్చి బావగారి చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. చెన్నైలో మా రైలు రాత్రికి. విమానాశ్రయం నుంచి తిన్నగా సెంట్రలు స్టేషనుకు పోదామని నేనంటే, బావగారు దారిలో ఎగ్మూరులో దింపమన్నారు. ఆ రోజు ఆదివారం, ఆర్కైవ్స్‌కు సెలవు. ఆయన గేటు దగ్గర పనివేళల బోర్డు చదివి, పుస్తకం తీసి, ఆ అంకె క్రింద వాటిని పెన్సిలుతో వ్రాసుకొని వచ్చి కారెక్కారు. రెండు నెలలుగా ఆయన చెన్నైలోనే ఉన్నారు. 1860 దశకపు సంపుటాలలో మొదటి నాలుగేళ్ళవి పూర్తయినాయని నిన్న ఫోను చేశారు.